రంగుల గప్పీలు ఇంట్లో పెంచడం: పర్లాకిమిడి, బరంపురం వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

పదకొండేళ్లుగా ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి వసారాలో గప్పీలు అనే చిన్న రంగుల చేపలు పెంచుతున్నాను. గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి కూడా తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు. షాపులో మాఛొ అని అడిగి ఒడియాలో బేరమాడి కొంటాం. ఇంటికొచ్చాక చేప తిరగబడితే ఏం చేయాలో మన భాషలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే పదేపదే వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట రాశాను. అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది మొదట పెట్టాను.

కొన్న వారం పది రోజుల్లోనే గప్పీలు చచ్చిపోతున్నాయి. మా హస్తవాసి మంచిది కాదా?

మీ చేతిలో ఏ దోషమూ లేదు. చేపలు తెచ్చిన రోజే ట్యాంక్ కూడా తెచ్చి, కడిగి, నీళ్లు నింపి, సాయంత్రానికల్లా వదిలేసి ఉంటారు. నేనూ మొదటిసారి అలాగే చేశాను. పన్నెండు చేపల్లో తొమ్మిదో రోజుకి రెండు మిగిలాయి. మా పాప ఆ రెండింటికీ పేర్లు పెట్టుకుంది. పదకొండో రోజుకి అవీ పోయాయి.

జరిగేది ఇది. చేప విసర్జనం, తినకుండా మిగిలిన మేత కుళ్లి అమోనియా పుడుతుంది. అది చేప మొప్పల్ని కాల్చేస్తుంది. కొన్నాళ్లు నడిచిన ట్యాంక్‌లో అయితే ఫిల్టర్ స్పాంజిలోనూ ఇసుకలోనూ కంటికి కనబడని బాక్టీరియా కాపురం ఉంటుంది. అందులో ఒక రకం అమోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంతవరకు ఉన్నా చేప తట్టుకుంటుంది, మనం నీళ్లు మార్చినప్పుడల్లా కొంత బయటికి పోతుంది. ఈ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. కొత్త ట్యాంక్‌లో అది లేదు. నీళ్లు అద్దంలా ఉంటాయి, కానీ చేప పైకొచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. అమోనియాకి రంగు లేదు కాబట్టి మనకి తెలియదు.

మరి కొత్త ట్యాంక్ సిద్ధం చేయడం ఎలా?

నీళ్లు నింపి, ఫిల్టర్ నడిపించి, రోజూ చిటికెడు మేత వేస్తూ నెల రోజులు చేప లేకుండా ఉంచండి. ఆ మేత కుళ్లితేనే బాక్టీరియాకి తిండి. అంత ఓపిక లేకపోతే దగ్గరి దారి ఒకటుంది. జబ్బులేని ట్యాంక్ నడుపుతున్నవాళ్లు ఎవరైనా తెలిస్తే, వాళ్ల పాత స్పాంజి ఒకటి తడి ఆరకుండా కవర్‌లో తెచ్చుకుని మీ ట్యాంక్‌లో పెట్టండి. బాక్టీరియా దానితోపాటే వచ్చేస్తుంది. ఆ తర్వాత కూడా మొదట నాలుగు చేపలే వేసి, రెండు వారాలు చూసి మిగతావి తెచ్చుకోండి. పాత నీళ్లు తెచ్చి పోస్తే సరిపోదా అని అడుగుతారు. బాక్టీరియా నీళ్లలో ఉండేది చాలా తక్కువ. స్పాంజికి, రాళ్లకి, ఇసుకకి పట్టుకుని ఉంటుంది.

ఎంత ట్యాంక్ కావాలి? గాజు గిన్నె చాలదా?

గిన్నె వద్దు. అందులో నీళ్లు తక్కువ, త్వరగా వేడెక్కుతాయి, త్వరగా పాడవుతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంక్ కొనండి. అంచుదాకా నింపితే 56 లీటర్లు పడుతుంది. ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే 45 లీటర్ల దాకా మిగులుతుంది. పది, పన్నెండు పెద్ద గప్పీలు అందులో సుఖంగా ఉంటాయి. గాలి బుడగలతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ చాలు. లాగే శక్తి ఎక్కువున్న పవర్ ఫిల్టర్ పెడితే పొడుగు తోకల చేపలు ఆ ఉరవడికి ఈదలేక అలసిపోతాయి, పిల్లలు లోపలికి పోతాయి. ఎయిర్ పంప్‌ని నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు పైపు గుండా నీళ్లు వెనక్కొచ్చి పంప్ పాడవుతుంది, నేలంతా నీళ్లవుతుంది.

కుళాయి నీళ్లా, బోరు నీళ్లా, నూతి నీళ్లా?

గప్పీ కాస్త కఠినమైన నీళ్లు ఇష్టపడే చేప. పీహెచ్ 7 నుంచి 8 మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. మా వీధి బోరు నీళ్లు రెండు రోజులు బకెట్లో ఉంచితే అంచున తెల్ల పొర కడుతుంది. వంటకి ఇబ్బందే గానీ గప్పీలకి ఆ నీళ్లే నచ్చాయి. ఆర్వో మెషిన్ నీళ్లు శుభ్రం కదా అని పోస్తారు కొందరు. ఆ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, గప్పీ వాటిలో నీరసించి తోక ముడుచుకుంటుంది.

మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోవాలి. వెడల్పాటి తొట్టిలో పట్టి ఒక రోజంతా మూత లేకుండా వదిలేస్తే చాలావరకు పోతుంది. తొందరుంటే యాంటీ క్లోరిన్ చుక్కల మందు షాపుల్లో దొరుకుతుంది, సీసా మీద రాసిన కొలతే వేయండి. కొన్ని చోట్ల నీళ్లలో క్లోరమిన్ కలుపుతారు, అది నిలవ పెట్టినా పోదు, మందు వేయాల్సిందే. నూతి నీళ్లు వాడేవాళ్లు పెద్ద వాన పడ్డ వెంటనే తోడిన నీళ్లు పోయకుండా రెండు రోజులు ఆగితే మేలు.

షాపు నుంచి తెచ్చిన కవర్ ఎలా విప్పాలి?

మన వైపు షాపులకి చేపలు ఎక్కువగా కోల్‌కతా, హౌరా వైపు నుంచి వస్తాయి, కొన్ని విశాఖపట్నం నుంచి. అంటే మీ చేతికొచ్చేసరికి ఆ చేప రెండు మూడు రకాల నీళ్లు మారి, ఒక రాత్రి రైల్లో గడిపి వచ్చింది. ఇంకొక్క కుదుపు తగలకూడదు. కవర్ విప్పకుండా 15 నిమిషాలు ట్యాంక్ నీళ్ల మీద తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. తర్వాత కవర్లోని చేపల్ని నీళ్లతో సహా చిన్న బకెట్లోకి పోసి, మీ ట్యాంక్ నీళ్లు సగం గ్లాసు చొప్పున ఐదు నిమిషాలకోసారి కలపండి. ముప్పావు గంట పడుతుంది. ఆఖర్న చేపల్ని మాత్రం వలతో ఎత్తి ట్యాంక్‌లో వేయండి, షాపు నీళ్లు పారబోయండి. ఆ రోజు మేత వద్దు, లైటు వద్దు.

పాత చేపలు ఉన్న ఇంట్లోకి కొత్తవి వస్తే కనీసం రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. ఇది నేను ఒకసారి మానేశాను. అందంగా ఉన్న మూడు ఎర్ర తోకల మగవాటిని నేరుగా కలిపేశాను. వాటితో వచ్చిన జబ్బుకి అప్పటికి నాలుగు తరాలుగా కాపాడుకొచ్చిన నల్ల టక్సీడో రకం గప్పీలు వారంలో తుడిచిపెట్టుకుపోయాయి. ఆ నష్టం ఇప్పటికీ బాధగానే ఉంది.

నీళ్లు ఎన్నాళ్లకి మార్చాలి? మొత్తం మార్చేయాలా?

ఎప్పుడూ మొత్తం మార్చకండి. వారానికోసారి పావు వంతు చాలు. సన్న పైపుతో అడుగున ఉన్న మడ్డి లాగి, అంతే కొలత నిలవ ఉంచిన నీళ్లు మెల్లగా పోయండి. నెలకోసారి చేపల్ని బకెట్లోకి తీసి ట్యాంక్ సబ్బుపెట్టి తోమే ఇళ్లు చాలా చూశాను. అలా చేస్తే నెలంతా కట్టుకున్న బాక్టీరియా మొత్తం పోతుంది, మళ్లీ మొదటి రోజుకి వచ్చినట్టే. స్పాంజిని కుళాయి కింద పెట్టి కడిగినా అంతే. ట్యాంక్ నుంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండండి. నీళ్లు కొంచెం పసుపు రంగులో కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. తీసిన నీళ్లు మాత్రం తులసికోటలోనో కనకాంబరాల మడిలోనో పోయండి, మొక్కలు బాగా లేస్తాయి.

ఏం తినిపించాలి? రోజుకి ఎన్నిసార్లు?

ఉదయం, సాయంత్రం రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంతే. గప్పీ ఎప్పుడూ ఆకలిగానే ఉన్నట్టు అద్దం దగ్గరికి పరిగెత్తుకొస్తుంది. అది చూసి మనసు కరిగి నాలుగోసారీ ఐదోసారీ వేస్తాం. తినగా మిగిలింది కిందపడి కుళ్లుతుంది. సన్న గుళికల మేత ఒకటి రోజువారీకి పెట్టుకోండి. వారంలో ఒకటి రెండుసార్లు దోమ పిల్లలు గానీ మొయినా అనే చిన్న నీటి పురుగులు గానీ ఇస్తే రంగు తేలుతుంది. బఠాణీ ఉడికించి పొట్టు తీసి నలిపి వేస్తే అరుగుదలకి మంచిది. బిస్కెట్ పొడి, అన్నం మెతుకులు, మరమరాలు వద్దు. పెద్దవాళ్లు ప్రేమతో వేస్తుంటారు, అత్తయ్యగారికీ మామయ్యగారికీ మెల్లగా చెప్పి, మేత డబ్బాలో చిన్న చెంచా పెట్టి దాంతో ఒక్కసారే వేయమనండి.

వారం రోజులు ఊరెళ్తే పక్కింటివాళ్లకి డబ్బా ఇవ్వకండి. పెద్ద గప్పీ వారం పస్తున్నా తట్టుకుంటుంది, అలవాటు లేని చేతులు వేసే అతి మేతకి తట్టుకోదు.

చలికాలం, ఎండాకాలం ఎలా?

24 నుంచి 28 డిగ్రీలు గప్పీకి సరైన వేడి. కోరాపుట్, రాయగడ కొండల వైపు ఉన్నవాళ్లకి డిసెంబరు, జనవరిలో హీటర్ తప్పదు. 45 లీటర్లకి 50 వాట్లది సరిపోతుంది. నీళ్లలో ముంచాకే స్విచ్ వేయండి. బరంపురం లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో చలి మరీ అంత ఉండదు గానీ, పగటికీ రాత్రికీ తేడా ఎక్కువైతే తెల్ల మచ్చల జబ్బు వస్తుంది.

ఎండాకాలం బాధ వేరు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మూత తీసి ఫ్యాన్ గాలి నీటి మీదికి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐస్ ముక్కలు వేయకండి, ఆ కుదుపుకే చేప పోతుంది. కిటికీ పక్కన ఎండ పడేచోట ట్యాంక్ పెట్టకపోవడమే అన్నిటికంటే మంచిది.

తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేకపోతే?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మా జిల్లా అంతా అతలాకుతలమైంది. మా ఇంట్లో కరెంటు ఎన్నో రోజులు లేదు. మనుషులకే తాగునీళ్లు కష్టమైన రోజులవి, చేపల సంగతి మాట్లాడడానికే మొహమాటంగా ఉండేది. అయినా రెండు ట్యాంకులూ నిలబెట్టుకోగలిగాం, అది ఎలాగో చెప్తాను.

మొదటి పని, మేత పూర్తిగా ఆపేశాం. తినకపోతే విసర్జన తక్కువ, ప్రాణవాయువు ఖర్చూ తక్కువ. రెండోది, ఫిల్టర్ స్పాంజి విడదీసి ట్యాంక్ నీళ్లతోనే వెడల్పాటి పళ్లెంలో పెట్టాం, బాక్టీరియాకి గాలి తగలాలి కదా. మూడోది, రెండు గంటలకోసారి చెంబుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోశాం, పది పన్నెండుసార్లు. రాత్రుళ్లు నేనూ మా ఆవిడా వంతులేసుకున్నాం. రెండు ట్యాంకుల్లో కలిపి పోయినవి నాలుగే.

కరెంటు వచ్చాక స్పాంజిని ఒకసారి పిండకుండా ట్యాంక్‌లో పెట్టకూడదు. లోపల కుళ్లిన నీళ్లు ఒక్కసారిగా ట్యాంక్‌లోకి వస్తాయి. ఇప్పుడైతే బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపులు దొరుకుతున్నాయి, పవర్ బ్యాంక్‌కి తగిలించేవీ ఉన్నాయి. అక్టోబరు రాకముందే ఒకటి కొని ఉంచుకోండి.

మగా ఆడా తేడా ఎలా తెలుస్తుంది? ఎన్నెన్ని ఉంచాలి?

మగది చిన్నది, మూడు సెంటీమీటర్ల లోపు ఒళ్లు, పెద్ద రంగుల తోక. ఆడది పెద్దది, ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రంగు తక్కువ, పొట్ట వెనక నల్ల మచ్చ ఉంటుంది. పొట్ట కింది రెక్క మగదానికి సూదిలా, ఆడదానికి విసనకర్రలా ఉంటుంది. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి, లేకపోతే మగవి వెంటపడి ఆడవాటిని అలసటతో చంపేస్తాయి. పిల్లల బాధ వద్దనుకుంటే మగవే ఎనిమిది పది పెట్టుకోండి, రంగులకి రంగులు, టెన్షన్ లేదు.

ఆడది ఎప్పుడు పిల్లలు పెడుతుంది? తల్లే పిల్లల్ని తినేస్తుందట కదా?

గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. మూడు నాలుగు వారాలకోసారి, ఈడునిబట్టి పది నుంచి యాభై దాకా. ఒకసారి మగదానితో కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని, మగది లేకుండానే మళ్లీ మళ్లీ పిల్లలు పెడుతుంది. ఒక్క ఆడదాన్నే తెచ్చాం, పిల్లలెక్కడివి అని ఆశ్చర్యపోయేవాళ్లకి జవాబు ఇదే.

రోజు దగ్గరపడితే పొట్ట గుండ్రం పోయి ముందువైపు పలకగా కనిపిస్తుంది, నల్ల మచ్చ ముదురుతుంది, చేప ఒక మూలకి చేరి నిలబడుతుంది. కాసేపు కదలకుండా చూస్తే కనిపిస్తుంది. పిల్ల చుట్టుకుపోయి చిన్న ఉండలా బయటపడుతుంది, అంగుళం కిందికి జారుతుంది, అక్కడే నిటారుగా విచ్చుకుని సూటిగా నాచులోకి ఈదిపోతుంది. ఇదంతా రెండు మూడు సెకన్లలోనే. ఎన్నిసార్లు చూసినా పని ఆపి నిలబడిపోతాను.

అవును, తల్లి తింటుంది, మిగతావీ తింటాయి. ప్లాస్టిక్ డబ్బాలో తల్లిని బంధించడం నాకు నచ్చదు, ఆ ఇరుకులో భయపడి రోజులు నిండకుండానే కనేస్తుంది. దాని బదులు ట్యాంక్ సగం జావా మాస్ అనే నాచు, పైన తేలే అంతరతామర ఉంచండి. అంతరతామర వేళ్ల మధ్య పిల్లలు దాక్కుంటాయి.

పిల్లలకి ఏం పెట్టాలి?

రోజుకి నాలుగైదుసార్లు, పొడిచేసిన మేత. వీలైతే ఆర్టీమియా అనే ఉప్పునీటి చిన్న రొయ్యల గుడ్లు పొదగండి. లీటరు నీళ్లకి 25 గ్రాముల కల్లుప్పు, అర చెంచా ఆర్టీమియా గుడ్లు, అడుగు నుంచి గట్టిగా గాలి. మాకు నౌపడ ఉప్పు దగ్గర కాబట్టి అదే వాడతాను. ఒకటిన్నర రోజు లోపే పొదుగుతాయి. గాలి ఆపి, సీసా అడుగున టార్చి వెలిగిస్తే పెంకులు పైకి తేలి, పిల్ల రొయ్యలు వెలుగు దగ్గరికి నారింజ రంగు మబ్బులా చేరతాయి. పల్చటి బట్టలో వడకట్టి మంచినీళ్లతో కడిగి వేయాలి. ఐదు నిమిషాల్లో గాజులా ఉండే గప్పీ పిల్లల పొట్టలన్నీ నారింజ రంగు చుక్కలవుతాయి. ఏ పిల్ల తిన్నదో ఏది తినలేదో లెక్కపెట్టి చెప్పొచ్చు. మొదటి నెల తిండి బాగుంటేనే ఒళ్లూ తోకా నిండుగా వస్తాయి, తర్వాత ఎంత పెట్టినా ఆ లోటు తీరదు.

మంచి మాస్కో బ్లూ రకం గప్పీల జత కొన్నాను. మూడో తరానికి బూడిద రంగు చేపలు వస్తున్నాయి. ఎందుకు?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది, కాస్త ఎక్కువే చెప్తాను.

గప్పీ సొంతూరు దక్షిణ అమెరికా ఈశాన్యం, పక్కనే ఉన్న ట్రినిడాడ్. పీటర్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1859లో దాన్ని వర్ణించాడు. 1866లో లెచ్మియర్ గప్పీ అనే ఆయన ట్రినిడాడ్ నుంచి నమూనాలు లండన్ పంపితే, అక్కడ ఆయన పేరు మీద పేరు పెట్టారు. శాస్త్రీయ నామం తర్వాత మారింది గానీ వాడుకలో గప్పీ ఉండిపోయింది. అక్కడి వాగుల్లో జాన్ ఎండ్లర్ అనే శాస్త్రవేత్త పరిశోధించి 1980లో చూపించిందేమిటంటే, వేటాడే చేపలు ఎక్కువున్నచోట గప్పీ మగవాటికి రంగు తగ్గుతుంది, అవి లేనిచోట తరాలు గడిచేకొద్దీ రంగు పెరుగుతుంది. ఆడవేమో రంగున్న మగవాటినే కోరుకుంటాయి.

మన ట్యాంక్‌లోని కోబ్రా, టక్సీడో, మాస్కో, ఫుల్ రెడ్, డంబో ఇయర్ అన్నీ మనుషులు తరాల తరబడి ఏరి నిలబెట్టినవి. ఏరడం ఆపితే కొన్ని తరాలకే కలిసిపోయి చెదిరిపోతాయి. మగదాని మచ్చల్లో కొన్ని తండ్రి నుంచి నేరుగా కొడుకులకే వస్తాయని 1920లోనే తేలింది. కానీ తోక రంగు, ఒంటి నేపథ్యం వంటి చాలా గుణాలు తల్లి వైపు నుంచి కూడా వస్తాయి. ఆడది చూడ్డానికి సాదాగా ఉంటుంది కాబట్టి అది ఏ రక్తం మోస్తోందో పైకి తెలియదు. షాపులో అన్ని రకాలూ ఒకే తొట్టిలో ఉంటాయి, మీరు కొన్న ఆడది అప్పటికే వేరే మగదాని పిల్లలతో ఉండి ఉంటుంది. జత అని అమ్మినంత మాత్రాన జత కాదు.

నిలబెట్టుకోవాలంటే మూడు తొట్లు కావాలి. పిల్లల్ని మూడు నాలుగు వారాలకే విడదీయండి. కింది రెక్క సన్నబడటం మొదలైనవి మగవి, పొట్ట వెనక మచ్చ కనిపించేవి ఆడవి. ఒక్క మగది ఆడవాటిలో మిగిలినా పనంతా వృథా. మూడు నాలుగు నెలలకి వాటిలో నడుం వంకర లేనివి, తోక సరిగా విచ్చుకున్నవి, చురుగ్గా ఈదేవి ఏరి జతకట్టండి. కొన్ని తరాలకోసారి అదే రకం వేరే ఇంటి నుంచి తెచ్చి కలపండి. అచ్చంగా ఒకే కుటుంబంలో తిప్పితే ఒళ్లు చిన్నబడుతుంది, పిల్లల సంఖ్య పడిపోతుంది.

జబ్బు చేస్తే ఎలా గుర్తుపట్టాలి?

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలుంటే తెల్ల మచ్చ. వేడి మెల్లగా 29, 30కి పెంచి, గాలి ఎక్కువ పెట్టి, ఐదు లీటర్లకి ఒక చెంచా కల్లుప్పు కరిగించి పోయండి. చుక్కలు పోయాక కూడా వారం కొనసాగించాలి. తోక అంచులు చిరిగి తెల్లబడితే రెక్క కుళ్లు, ఎక్కువసార్లు అది నీళ్ల తప్పే, నీళ్లు బాగుచేస్తే తోక మళ్లీ పెరుగుతుంది. నోటి చుట్టూ బూజులాగా, వీపు మీద జీను వేసినట్టు పాలిపోతే అది కాలమ్నారిస్, రోజుల్లోనే చంపుతుంది. వెంటనే వేరుచేయండి, వేడి మాత్రం పెంచకండి, అది ఈ జబ్బుని ఇంకా ఎగదోస్తుంది. మలద్వారం నుంచి ఎర్రటి దారప్పోగులు వేలాడుతుంటే కమల్లానస్ పురుగు. పశువులకి నట్టలకి వాడే లెవామిసోల్ దానికి పనిచేస్తుంది, కానీ కొలత మిల్లీగ్రాముల్లో ఉంటుంది కాబట్టి తెలిసినవాళ్ల చేత తూయించుకోవాలి, రెండు మూడు వారాలకి మళ్లీ వేయాలి. జబ్బేదో తెలియకుండా మూడు రకాల రంగు మందులు కలిపి పోయడం కంటే పావు వంతు నీళ్లు మార్చడం మేలు.

రెండేళ్లు దాటిన చేప నడుం వంగి, రంగు వెలిసి మెల్లబడితే అది వయసు. మందు వద్దు.

చెరువులోంచి నాచు తెచ్చి వేయొచ్చా?

తేవచ్చు గానీ నేరుగా వేయకండి. ఒకసారి హైడ్రిల్లా కట్ట ఒకటి తెచ్చి పిల్లల తొట్టిలో వేశాను. నలభై పిల్లలు రోజుకి ఐదారు చొప్పున మాయమవుతూ వచ్చాయి. చివరికి రాత్రి టార్చి వేసి చూస్తే కాడకి అతుక్కుని తూనీగ పిల్ల, దాని నోట్లో గప్పీ పిల్ల. తెచ్చిన నాచు రెండు వారాలు వేరే బకెట్లో ఉంచి, రోజూ విదిలించి చూశాకే వేయండి.

వేరే చేపలతో కలపొచ్చా?

కోరిడోరాస్, చెర్రీ రొయ్యలు బాగుంటాయి, రొయ్య పిల్లల్ని మాత్రం గప్పీలు తింటాయి. టైగర్ బార్బ్, ఏంజెల్, ఫైటర్, గోల్డ్ ఫిష్ వద్దు.

గప్పీలు దోమల్ని తింటాయి కదా, ఎక్కువైనవి కాలువలోనో మహేంద్రతనయ నదిలోనో వదిలేయనా?

దోమ పిల్లల్ని తింటాయన్నది నిజమే. మలేరియా కోసమే 20వ శతాబ్దం మొదట్లో గప్పీలని మన దేశానికి తెచ్చారు, కొండ ఊళ్లలో మలేరియా బాధ తెలిసినవాళ్లకి ఆ ఆశ అర్థమవుతుంది. మీ డాబా మీది సిమెంటు తొట్టిలో, ఇంటి నూతిలో వేసుకోండి, బాగా పనిచేస్తాయి. నదిలోకి, చెరువులోకి మాత్రం వద్దు. ఎక్కడ పడితే అక్కడ పెరిగి అక్కడి చిన్న చేపల తిండి, చోటు లాక్కుంటాయి. మన ట్యాంక్ జబ్బులు కూడా వాటికి అంటుకుంటాయి.

ఎక్కువైతే పెంచేవాళ్లకి ఇచ్చేయండి. నేను ఇచ్చేటప్పుడు చేపలతోపాటు మా పాత స్పాంజి ముక్క ఒకటి, గుప్పెడు జావా మాస్, రెండు లీటర్ల మా ట్యాంక్ నీళ్లు కూడా ఇస్తాను. ట్యాంక్ పెట్టి నెల కాలేదని తెలిస్తే, ఏమీ అనుకోకు తమ్ముడూ, వచ్చే నెల రా అని చెప్పి పంపేస్తాను.